అమీన్‌పూర్ వైపు నలభై లక్షల ఫ్లాట్: లావణి పట్టా నుంచి బోరు నీళ్ల దాకా నా అనుభవం

బీరంగూడ కమాన్ దాటి లోపలికి వెళ్తే ప్రతి కరెంటు స్తంభానికీ ఒక ఫ్లాట్ బోర్డు ఉంటుంది. గచ్చిబౌలిలో కోటి పెట్టాల్సిన చోట ఇక్కడ నలభై అంటారు. ఎనిమిది నెలలు తిరిగి, పంతొమ్మిది బిల్డింగులు చూసి, నాలుగింటి కాగితాలు లాయరుతో చదివించి, చివరికి ఒకటి కొన్నాం. ఇంత తిరిగాక తేలింది ఒక్కటే. ఒకే గల్లీలో ఒక ఫ్లాట్ పక్కదాని కన్నా ఐదారు లక్షలు తక్కువకు వస్తోందంటే, దానికి ఏదో ఒక కాగితం లేదు, లేదా నీళ్లు లేవు. గోడల్లో తేడా ఉండదు. మేస్త్రీలు వాళ్లే, ఇటుకా అదే, టైల్సూ అవే.

కొనేవాళ్లెవరో ముందు చెప్పాలి, ఎందుకంటే రేటును నడిపేది వాళ్లే. రామచంద్రాపురంలో 1960ల్లో బీహెచ్‌ఈఎల్ వచ్చినప్పుడు దేశం నలుమూలల నుంచీ ఉద్యోగులు వచ్చారు. 1972లో ఇక్రిశాట్ వచ్చింది. ఆ తర్వాత పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీలకు శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు, ఒడిశా, బీహార్ వాళ్లు, ఇటు నారాయణఖేడ్, జహీరాబాద్, బీదర్ వాళ్లు చేరారు. చాలాకాలం ఒంటి గదుల కిరాయి ఇళ్లలోనే గడిపారు. ఔటర్ రింగ్ రోడ్డు పడి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దగ్గరయ్యాక ఐటీలో కొత్తగా చేరిన వాళ్లు, క్యాబ్ నడిపేవాళ్లు, ఆసుపత్రి నర్సులు, ప్రైవేటు టీచర్లు అదే చోట ఇల్లు వెతుకుతున్నారు. మేం కొన్న బిల్డింగులో 25 ఫ్లాట్లుంటే ఇళ్లలో మాట్లాడే భాషలు ఆరు. వీళ్లందరికీ కావాల్సింది ఒకటే కొలత, వెయ్యి అడుగుల చుట్టూ ఉండే టూ బీహెచ్‌కే. అందుకే ఇక్కడ వెయ్యి గజాల జాగా దొరికితే చాలు, స్టిల్ట్ (కింద పార్కింగుకు వదిలే స్తంభాల అంతస్తు) మీద ఐదంతస్తులు లేపి, అంతస్తుకు ఐదు చొప్పున ఫ్లాట్లు వేస్తారు. ఐదుతోనే ఆపడానికీ కారణముంది. స్టిల్ట్ వదిలేసి లెక్కిస్తే ఎత్తు 18 మీటర్ల లోపే ఉంటుంది కాబట్టి అగ్నిమాపక శాఖ ఇచ్చే ఫైర్ ఎన్‌ఓసీ అక్కర్లేదు.

మొదట చూడాల్సింది భూమి. ఫ్లాట్ చూసి మనసు పడ్డాక భూమి కాగితాలు అడిగితే ఎవరూ సరిగా చదవరు, మేం మొదటి రెండిటికీ ఆ తప్పే చేశాం. లోపలికి వెళ్లి బాల్కనీ చూడకముందే సర్వే నంబరు అడగండి. సర్వే నంబరు చెప్పడానికి నసిగితే అక్కడి నుంచే వెనక్కి తిరగొచ్చు. నంబరు చేతికొచ్చాక మొదట రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో నిషేధిత జాబితా చూడాలి, దీన్నే అందరూ 22-ఏ అంటారు. సర్వే నంబరు మొత్తం కాకపోయినా, అందులో కొన్ని గుంటలు ప్రభుత్వానివని ఉంటే మన ప్లాటు ఆ గుంటల్లో పడుతుందా లేదా అన్నది సర్వేయరు చెప్పాలి. బ్రోకరు మాట మీద పోవద్దు.

తర్వాత పహాణీలు, అంటే రెవెన్యూ శాఖ భూమి రికార్డులు. 1954-55 ఖాస్రా పహాణీ నుంచి మొదలుపెట్టి వరుసగా తీయించాలి. పట్టాదారు కాలమ్‌లో 'సర్కారీ' అని కనబడితే అది ప్రభుత్వ భూమి, 'లావణి' అని కనబడితే అసైన్డ్ భూమి. పేదలకు సాగు కోసం ఇచ్చిన ఆ అసైన్డ్ భూమి అమ్మకం 1977 చట్టం ప్రకారం చెల్లదు. ఎన్ని చేతులు మారినా, పైన ఎన్ని అంతస్తులు లేచినా అంతే. ఇనాం భూమైతే ఓఆర్‌సీ, అంటే ఆక్యుపెన్సీ రైట్స్ సర్టిఫికెట్ ఉండాలి. రక్షిత కౌలుదారు పేరుంటే, కౌలుదారుకు భూమి హక్కు ఇచ్చే 38-ఇ సర్టిఫికెట్ సంగతి తేలాలి. వ్యవసాయ భూమి మీద కట్టి ఉంటే దాన్ని వ్యవసాయేతర భూమిగా మార్చిన నాలా కన్వర్షన్ ప్రొసీడింగ్స్ చూడాలి. మేం చదివించిన నాలుగింటిలో ఒకటి ఇక్కడే ఆగింది. పహాణీలో మధ్యలో ఏడేళ్లు పట్టాదారు కాలమ్ ఖాళీ. "ఏం కాదన్నా, ఇప్పటికే పద్దెనిమిది అమ్మినం" అన్నారు సైటు దగ్గర. ఆ పద్దెనిమిది కుటుంబాలు ఆ ఏడేళ్ల కాగితం ఎప్పుడైనా చూశాయో లేదోనని ఇప్పటికీ బెంగగా ఉంటుంది.

చెరువుల సంగతీ ఇక్కడే. అమీన్‌పూర్ పెద్ద చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. ఈ చుట్టుపక్కల చిన్నా పెద్దా కుంటలు ఇంకా చాలా ఉన్నాయి, ఎండాకాలం అవి మైదానాల్లానే కనబడతాయి. హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో ఎఫ్‌టీఎల్, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు నిలిచే హద్దు, చూపే మ్యాపులున్నాయి. మన సర్వే నంబరు ఎఫ్‌టీఎల్ గీత లోపల పడితే ఇక ఆలోచనే వద్దు. గీత బయట ఉన్నా బఫర్, అంటే కట్టకుండా వదలాల్సిన జాగా, చూడాలి. పది హెక్టార్లు, అంతకు పైబడిన చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్న కుంటకు 9 మీటర్లు. 2024 సెప్టెంబరులో కిష్టారెడ్డిపేట, పటేల్‌గూడలో ప్రభుత్వ భూమిలో కట్టారంటూ, చెరువులు, ప్రభుత్వ భూముల ఆక్రమణలు తొలగించే సంస్థ హైడ్రా భవనాలు కూల్చింది. అప్పటి నుంచి బ్యాంకు లాయర్లు కూడా ఈ మ్యాపు అడుగుతున్నారు. అది మంచిదే.

ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. 2016లో జిల్లాలు మారకముందు ఈ ఊళ్లు మెదక్ జిల్లా, పటాన్‌చెరు మండలం. ఇప్పటి కాగితాల్లో సంగారెడ్డి జిల్లా, అమీన్‌పూర్ మండలం అని ఉంటుంది. అమీన్‌పూర్ మున్సిపాలిటీ అయింది 2018లో, అంతకుముందు గ్రామ పంచాయతీ. పాత లింక్ డాక్యుమెంట్లు సర్వే నంబరు, ప్లాటు నంబరు మీద ఎక్కి ఉంటాయి, కొత్తవి ఇంటి నంబరు మీద. ఒక్క ఇంటి నంబరుతో వెతికితే ఈసీ శుభ్రంగా, ఖాళీగా వస్తుంది. అది చూసి సంతోషపడటం పెద్ద పొరపాటు. సర్వే నంబరుతో ఒకసారి, ప్లాటు నంబరుతో ఒకసారి, ఇంటి నంబరుతో ఒకసారి, మొత్తం మూడుసార్లు వెతకాలి. ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేత్తో రాసిన పుస్తకాల్లోంచి తీయించాలి. లింకుల్లో ఎక్కడైనా సేల్ డీడ్ లేకుండా ఒక్క జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీదే చేయి మారి ఉంటే, 2011లో సుప్రీంకోర్టు జీపీఏ అమ్మకాలతో హక్కు బదిలీ కాదని చెప్పిన తీర్పు గుర్తుంచుకోవాలి. బ్యాంకు లాయరు ఆ లింకు దగ్గరే ఫైలు మూసేస్తాడు.

భూమి తేలిన తర్వాత అనుమతి. పాత బిల్డింగుల్లో 'జీపీ పర్మిషన్' అన్న మాట బాగా వినపడుతుంది. గ్రామ పంచాయతీకి చిన్న ఇళ్ల వరకే అధికారం ఉండేది, ఐదంతస్తుల అపార్ట్‌మెంటుకు లేదు. జీ ప్లస్ 2కు స్టాంపు వేయించుకుని నాలుగో ఐదో అంతస్తులు లేపినవి ఈ వైపు ఎన్నో ఉన్నాయి. అడిగితే బీఆర్‌ఎస్ కట్టాం అంటారు. కట్టింది దరఖాస్తు ఫీజు మాత్రమే. 2015 నాటి ఆ భవనాల క్రమబద్ధీకరణ పథకం కోర్టు కేసుల్లో చిక్కుకుపోయింది. ఎల్‌ఆర్‌ఎస్ వేరు, అది లేఅవుటుకూ ప్లాటుకూ సంబంధించింది. 'ఎల్‌ఆర్‌ఎస్ క్లియర్' అని బోర్డు మీద రాస్తే ప్లాటు క్రమబద్ధమైందని మాత్రమే అర్థం, దాని మీద ఉన్న బిల్డింగు గురించి అది ఒక్క ముక్కా చెప్పదు.

అనుమతి కాపీ దొరికాక, సాంక్షన్డ్ ప్లాన్ చేత్తో పట్టుకుని బిల్డింగు చుట్టూ తిరగండి. మేం ముప్పై మీటర్ల టేపు తీసుకెళ్లేవాళ్లం. వెనక సెట్‌బ్యాక్ (హద్దు నుంచి వదలాల్సిన ఖాళీ) ప్లాన్‌లో ఎంతుంది, నేల మీద ఎంతుంది? స్టిల్ట్‌లో వాచ్‌మన్ గది పక్కన ఇంకో గది, దానికో షట్టరు కనిపిస్తే అది ప్లాన్‌లో ఉందా? పైన పెంట్‌హౌస్ ఉందా? స్టిల్ట్ ప్లస్ 5 అనుమతికి ఆరో అంతస్తు ఎక్కడిది? వీటిలో ఏ ఒక్కటి తేడా వచ్చినా ఓసీ, అంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, ఆగే ప్రమాదముంది. ఓసీ ఆగితే నష్టం పెంట్‌హౌస్ కొన్నవాడికే కాదు, రెండో అంతస్తులో అన్నీ సక్రమంగా కొన్నవాళ్లకూ తగులుతుంది.

జాగా 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించినా రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు ఉండి తీరాలి. తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొట్టి, అందులో పెట్టిన ప్లాన్, ఫ్లాట్ల సంఖ్య, పూర్తిచేయాల్సిన తేదీ, యజమానుల పేర్లు మన చేతిలోని కాగితాలతో పోల్చాలి. నంబరుంటే చాలదు. ఒకచోట రెరాలో 20 ఫ్లాట్లు, సైటులో 25. ఇక ప్రీలాంచ్ ఆఫరు, యూడీఎస్ (బిల్డింగు కింది భూమిలో విడదీయని వాటా) రిజిస్ట్రేషన్ అంటూ సగం ధరకు అమ్మేవి వద్దే వద్దు. అనుమతి రాకముందే మొత్తం డబ్బు కట్టించుకుని, లేని బిల్డింగు కింద నలభై గజాల భూమి రాసిస్తారు. రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా పది శాతానికి మించి తీసుకోకూడదని రెరా చట్టమే చెప్తోంది. బయానా ఎంతైనా ఆ గీత దాటొద్దు, అదీ చెక్కో ఆన్‌లైన్ బదిలీయో అయి ఉండాలి. ఆస్తి లావాదేవీలో 20 వేలు, ఆ పైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టానికే విరుద్ధం.

ఫ్లాట్ నంబరు దగ్గర జాగ్రత్తలు రెండు. మొదటిది మార్టిగేజ్. అనుమతి ఇచ్చేటప్పుడు కట్టే విస్తీర్ణంలో పది శాతాన్ని కింది అంతస్తుల్లో ఎక్కడో ఒకచోట అనుమతిచ్చిన సంస్థకు తాకట్టు పెట్టించుకుంటారు, ప్లాన్ దాటి కట్టకుండా హామీగా. ఓసీ వచ్చాకే అది విడుదలవుతుంది. 25 ఫ్లాట్లుంటే రెండో మూడో అలా ఉంటాయి, ఏవన్నది అనుమతి ప్రొసీడింగ్స్‌లో రాసి ఉంటుంది. 'ఫస్ట్ ఫ్లోర్, మెట్లక్కర్లేదు, రెండు లక్షలు తక్కువ' అని మాకు చూపించిన 102 అలాంటిదే. రెండోది ఓనర్ షేరు. ఇక్కడ ఎక్కువ బిల్డింగులు డెవలప్‌మెంట్ మీద కట్టినవే, భూమి ఒకరిది, కట్టింది ఇంకొకరు. ఏ ఫ్లాట్ ఎవరి వాటాకు వచ్చిందో సప్లిమెంటరీ అగ్రిమెంటులో ఉంటుంది. బిల్డరు తన వాటాలో లేని ఫ్లాటుకు బయానా తీసుకున్న సందర్భాలున్నాయి. మేం చదివించిన మూడోదానిలో భూమి యజమాని మధ్యలో చనిపోయారు, వారసులు నలుగురు, ఒకరు గల్ఫ్‌లో. బిల్డరు జీపీఏతో చేసేస్తానన్నాడు, బ్యాంకు లాయరు నలుగురి సంతకాలూ కావాల్సిందేనన్నారు. మూడు నెలలు ఎదురుచూసి బయానా వెనక్కి తీసుకున్నాం. రసీదు మీద 'లీగల్ క్లియర్ కాకపోతే వాపసు' అని ముందే రాయించుకోబట్టి పూర్తిగా వచ్చింది.

ఇక కొలత. బ్రోషర్‌లో 1,050 అడుగులు. టేపు పెట్టి కొలిస్తే హాలూ డైనింగూ కలిపి 10 ఇంటూ 21, పెద్ద బెడ్‌రూమ్ 11 ఇంటూ 13, చిన్నది 10 ఇంటూ 11, వంటిల్లు 8 ఇంటూ 9, బాత్‌రూములు రెండూ కలిపి 60, నడవా 36. అంతా కూడితే 631. లోపలి గోడల మందం ఒక 40 అడుగులు కలిపితే 671, ఇదే కార్పెట్ ఏరియా. బాల్కనీ, యుటిలిటీ, బయటి గోడలు కలిపితే 810 దాకా వస్తుంది. మిగతాదంతా మెట్లు, లిఫ్టు, కారిడార్ల పేరు మీద ముప్పై శాతం లోడింగ్. ముప్పైకి మించి వేస్తే గట్టిగా అడగాలి. ఐదంతస్తుల బిల్డింగులో క్లబ్ హౌస్ లేదు, స్విమ్మింగ్ పూల్ లేదు, అంత లోడింగ్ దేనికి? యూడీఎస్ కూడా లెక్కేసుకోవాలి. వెయ్యి గజాల జాగాలో 25 సమానమైన ఫ్లాట్లంటే ఒక్కోదానికి 40 గజాలు రావాలి. సేల్ డీడ్ డ్రాఫ్టులో 32 రాసి ఉంటే మిగతా ఎనిమిదీ ఎటు పోయాయో అడగండి, అవి తరచుగా పెంట్‌హౌస్ లెక్కలో తేలతాయి.

ఆ 671 అనే అంకె పన్నును కూడా మార్చేస్తుంది. కడుతున్న ఫ్లాటుకు జీఎస్టీ ఐదు శాతం, చౌక ఇళ్ల కోవలోకి వస్తే ఒక్క శాతమే. హైదరాబాద్ లాంటి మహానగరాల్లో ఆ కోవలోకి రావాలంటే కార్పెట్ 60 చదరపు మీటర్లు దాటకూడదు, అంటే 646 అడుగులు. ధర 45 లక్షలు దాటకూడదు. మహానగర హద్దుల బయట 90 చదరపు మీటర్ల దాకా చెల్లుతుంది, కాబట్టి బిల్డరు దేని కింద బిల్లు వేస్తున్నాడో రాతపూర్వకంగా తీసుకోవాలి. పాతిక అడుగుల తేడాతో 60 దాటిన ఫ్లాటుకు, పార్కింగూ మీటరూ కలిపాక 45 దాటిన ఫ్లాటుకు కూడా 'ఒక్క శాతమే' అని నోటిమాటగా చెప్పి, చివర్లో ఐదు అడిగిన చోట్లున్నాయి. ఓసీ వచ్చేసిన ఫ్లాటుకు జీఎస్టీ అసలు లేదు. మేం కొన్నది అలాంటిదే, అడుగుకు రెండు వందలు ఎక్కువైనా.

చేతిలోంచి నిజంగా ఎంత పెట్టాలో ఒకసారి లెక్క చూద్దాం. అడుగుకు 4 వేలు చొప్పున కడుతున్న ఫ్లాట్ 42 లక్షలు. పార్కింగ్, కరెంటు మీటరు, నీళ్ల కనెక్షన్, కార్పస్ ఫండ్ (బిల్డింగు నిర్వహణకు ముందే తీసుకునే నిధి) కలిపి మూడున్నర లక్షలు. జీఎస్టీ ఐదు శాతం లెక్కన 2 లక్షల 27 వేలు. రిజిస్ట్రేషన్ ఖర్చు తెలంగాణలో మొత్తం ఏడున్నర శాతం, స్టాంపు డ్యూటీ ఐదున్నర, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు అర. 42 లక్షల మీద అది 3 లక్షల 15 వేలు. అంతా కలిపితే 51 లక్షలకు కాస్త తక్కువ. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం లోను 30 లక్షల లోపైతే ఇంటి విలువలో 90 శాతం దాకా, 30 దాటితే 80 శాతమే ఇస్తారు, రిజిస్ట్రేషన్ ఖర్చు ఆ విలువలో కలపరు. 42లో 80 శాతమంటే 33 లక్షల 60 వేలు. మిగతా 17 లక్షల పైచిలుకు చేతిలో ఉండాలి. ఎనిమిదిన్నర వడ్డీ, ఇరవై ఏళ్ల లెక్కన నెలకు 29 వేల కిస్తీ. చౌక ఇల్లన్న పేరున్నదాని అసలు అంకెలివి. ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషికి కిస్తీ కన్నా ముందు ఆ 17 లక్షలే గుండెలో బండ. చిట్టీ ఎత్తి, పుస్తెల తాడు కుదువ పెట్టి, ఊళ్లో అరెకరం అమ్మి తెస్తారు. అలా తెచ్చిన డబ్బు లావణి పట్టా మీద పోయకూడదనే నా ఆరాటమంతా.

కేంద్రం సబ్సిడీ సంగతి. 2024 సెప్టెంబరు 1 నుంచి మొదలైన పీఎంఏవై అర్బన్ 2.0లో వడ్డీ సబ్సిడీ ఉంది. ఏడాది ఆదాయం 9 లక్షల లోపుండాలి, ఇల్లు 35 లక్షల లోపు, లోను 25 లక్షల లోపు. మొదటి 8 లక్షల మీద నాలుగు శాతం లెక్కన, గరిష్ఠంగా లక్షా 80 వేలు, ఐదు ఏటా వాయిదాల్లో లోను ఖాతాలో పడుతుంది. కుటుంబంలో ఎవరి పేరునా దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. ఊళ్లో నాన్న పేరున ఉన్న ఇల్లు వేరు, భార్య పేరున ఉంటే మాత్రం లెక్కలోకి వస్తుంది. ఆ 35 లక్షల గీతకు ఇక్కడి రేటులో వచ్చేది 875 అడుగులు, అంత చిన్న ఫ్లాట్లు ఇప్పుడు కట్టేవాళ్లు తక్కువ. పథకం మనుషులకు సరిపోతోంది గానీ ఇళ్లకు సరిపోవడం లేదు. కట్టేవాళ్లు 850 అడుగుల ఫ్లాట్లు వేస్తే కొనేవాళ్లు ఇక్కడే ఉన్నారు.

పక్కనే కొల్లూరులో రాష్ట్ర ప్రభుత్వం కట్టిన డబుల్ బెడ్‌రూమ్ కాలనీ ఉంది, 2023 జూన్ 22న ప్రారంభమైంది. 117 బ్లాకులు, 15,660 ఇళ్లు, ఒక్కోటి 560 అడుగులు. నగరంలోని పేద కుటుంబాలకు లాటరీ తీసి ఉచితంగా ఇచ్చారు. ఇళ్లు బాగున్నాయి. నగరం నడిబొడ్డున ఇళ్లలో పనిచేసుకునే మనిషికి ఇక్కడి నుంచి తెల్లారి బస్సు, పిల్లలకు బడి ఇంటితో పాటే రావాలి. అవి వెనకబడితే తాళాలు పడతాయి. 'కొల్లూరు డబుల్ బెడ్‌రూమ్, అర్జెంట్ సేల్' అని ఎవరైనా చెప్తే ఆ మాట అక్కడే ఆపేయండి. ఆ ఇళ్లు అమ్మడానికీ, కొనడానికీ, కిరాయికి ఇవ్వడానికీ వీల్లేదు. నోటరీ కాగితం మీద ఇచ్చిన డబ్బు తిరిగి రాదు.

నీళ్లు కాగితాలంత ముఖ్యం. పటాన్‌చెరు, బొల్లారం పరిశ్రమల వ్యర్థాలు నక్కవాగులో కలిసి ఊళ్ల బోర్లు పాడైన వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అందుకని ఈ వైపు బోరు నీళ్లు పరీక్ష చేయించకుండా కొనొద్దు. శాంపిల్ సంపులోంచి తీయకూడదు, అందులో మంజీరా నీళ్లో ట్యాంకరు నీళ్లో కలిసి ఉంటాయి. మోటారు పది నిమిషాలు నడిచాక బోరు పైపు దగ్గరే పట్టాలి. లోహాల పరీక్షకు ల్యాబ్ వాళ్లు వేరే సీసా ఇస్తారు, సీసం, ఆర్సెనిక్ అని ప్రత్యేకంగా అడగాలి. తాగునీటి ప్రమాణంలో టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) 500 దాకా మంచిది, వేరే దారి లేనప్పుడు 2,000 దాకా ఒప్పుకుంటారు. హార్డ్‌నెస్ 200, గరిష్ఠం 600. ల్యాబ్‌కు ముందే చూసే పని ఒకటుంది. వాచ్‌మన్ ఇంటి బకెట్ చూడండి, అంచు చుట్టూ తెల్లటి పెచ్చు గోరుతో గీకితే రేకులా లేస్తే గీజరు కాయిల్‌కూ, కుళాయిలకూ అదే గతి. వాచ్‌మన్ భార్యనే నీళ్ల గురించి అడగండి, బిల్డరు మనిషి పక్కన లేనప్పుడు. మాకు ఒకావిడ చెప్పిన మాట: "ఎండకాలం దినాం మూడు ట్యాంకర్లొస్తయి సారూ, నాలుగోది అడిగితే లొల్లి." లెక్క సరిపోయింది. 25 ఇళ్లు, ఇంటికి నలుగురు, మనిషికి 135 లీటర్లు, రోజుకు పదమూడున్నర వేల లీటర్లు. ట్యాంకరు 5 వేలు. బోరు ఎండిందంటే మూడు ట్యాంకర్లన్నమాట, ఆ ఖర్చు నెల మెయింటెనెన్స్‌లో పడుతుంది. గత ఏప్రిల్, మే నెలల మెయింటెనెన్స్ రసీదు అడిగి చూస్తే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఇంకొకటి, రాత్రి పదకొండింటికి ఒకసారి వెళ్లి నిలబడండి. చలికాలం రాత్రుళ్లు రసాయనాల వాసన వచ్చే గల్లీలు పగలు ఎంతో హాయిగా ఉంటాయి.

రిజిస్ట్రేషన్ రోజు పని ఇంతకు ముందంతా సరిగ్గా చేస్తే గంటన్నరలో ముగుస్తుంది. చలానా కట్టి స్లాటు తీసుకోవాలి, ఇద్దరు సాక్షులు, అందరి ఆధార్, పాన్. చేయాల్సిందంతా ముందురోజే. డ్రాఫ్టు డాక్యుమెంట్ రైటర్ దగ్గర కూర్చుని అక్షరమక్షరం చదవాలి. మా డ్రాఫ్టులో తూర్పు హద్దు, పడమర హద్దు తారుమారయ్యాయి. రిజిస్టరయ్యాక దిద్దాలంటే రెక్టిఫికేషన్ డీడ్, మళ్లీ అమ్మినవాళ్ల సంతకాలు. ఫ్లాట్ నంబరు, అంతస్తు, యూడీఎస్ గజాలు, పార్కింగ్ నంబరు, అనుమతి ఫైలు నంబరు, ఓసీ తేదీ అన్నీ షెడ్యూలులో ఉండాలి. ధర తక్కువ చూపించి మిగతాది నగదుగా ఇమ్మంటే ఒప్పుకోవద్దు. లోనూ తగ్గుతుంది, రేపు అమ్మేటప్పుడు లాభం ఎక్కువగా కనబడి దాని పన్నంతా మన నెత్తిన పడుతుంది.

చేరాక మొదటి నెలలోనే అసోసియేషన్ పెట్టుకోవాలి. మా బిల్డింగులో ఫ్యాక్టరీ షిఫ్టులు ఆరింటికి, రెండింటికి, పదింటికి. ఐటీ వాళ్ల క్యాబులు అర్ధరాత్రి. గేటు ఎప్పుడు తీయాలి, మోటారు ఎప్పుడు వేయాలి అన్నది వీటిని బట్టే రాసుకున్నాం. ఉదయం ఐదింటికి ట్యాంకు నిండకపోతే ఏ-షిఫ్టు వాళ్లకు స్నానానికి నీళ్లుండవు. నోటీసులు తెలుగులో, హిందీలో రెండింటిలో పెడతాం. తెలుగులో మాత్రమే పెట్టిన మొదటి నోటీసు, ట్యాంకు కడిగే రోజుది, నాలుగు ఇళ్లకు అర్థం కాలేదు, ఆ నాలుగిళ్లలోనే నీళ్లు పట్టుకోలేదు. మెయింటెనెన్స్ అడుగుల లెక్కనా, ఇంటికింతనా అనేది బైలాస్‌లో మొదటే రాయండి. మేం లిఫ్టు, వాచ్‌మన్ ఖర్చు ఇంటికి సమానంగా, నీళ్ల ఖర్చు ఇంట్లో ఉండే మనుషుల సంఖ్య మీద వేసుకున్నాం. అసోసియేషన్ రిజిస్టరై బ్యాంకు ఖాతా తెరిచే దాకా కార్పస్ ఫండ్ బిల్డరు దగ్గరే ఉంటుంది, అందుకే ఆలస్యం చేయొద్దు. నిర్మాణ లోపాలకు రెరా చట్టంలో ఐదేళ్ల బాధ్యత ఉంది. టెర్రస్ మీద తడి మరకలను మొదటి వానాకాలంలోనే ఫొటో తీసి, తేదీతో రాతపూర్వకంగా బిల్డరుకు పంపండి.

ఆఖరి కాగితం బ్యాంకుది. అసలు డాక్యుమెంట్లన్నీ బ్యాంకులో పెట్టాక, ఏవేవి ఇచ్చామో పేజీల సంఖ్యతో సహా జాబితా మీద బ్యాంకు స్టాంపు, సంతకం తీసుకోవాలి. ఇరవై ఏళ్ల తర్వాత లోను తీరాక 30 రోజుల్లో అవన్నీ తిరిగివ్వాలి, ఆలస్యమైతే రోజుకు 5 వేలు కట్టాలని 2023 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన. ఆ జాబితా లేకుంటే ఏది పోయిందో ఎవరికీ తెలియదు. మా జాబితాలో 14 పత్రాలు, 212 పేజీలు. ఆ జాబితాను లామినేట్ చేయించలేదు, చేయిస్తే స్టాంపు అసలుదో కాదో పరీక్షించడం కష్టం. ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువాలో ఉంచాం, స్కాన్ కాపీ ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంది.